రిబ్కమ్మగారి ఎర్రగీత

నూజివీడులో డ్రిప్ కంపెనీ సర్వీసు సెంటరు ఎక్కడండీ అని అడిగితే నలుగురిలో ముగ్గురు తెల్లమొహం వేస్తారు. రిబ్కమ్మగారి ఆఫీసు అనండి, విస్సన్నపేట వెళ్ళే రోడ్డులో ఎరువుల కొట్టు పైనున్న మేడగదిని వేలు పెట్టి చూపిస్తారు. ఆ గదిలో ఒక కంప్యూటరు, రెండు ఫోన్లు, మూడు కుర్చీలు, మూలన గుట్టగా పడేసిన నల్ల పైపు ముక్కలు, వీటన్నిటి మధ్య ముడత పడని నేతచీరలో రిబ్కమ్మగారు ఉంటారు. ఆవిడకి యాభై నాలుగేళ్ళు. ఇరవై మూడేళ్ళు ఒక ప్రైవేటు బడిలో ఐదో తరగతికి పాఠాలు చెప్పారు. ఆ బడి మూతపడ్డాక, ఈ వయసులో నన్నెవరు పన్లో పెట్టుకుంటారులే అని నీరుగారిపోయి ఉండగా ఈ ఉద్యోగం దొరికింది. అందుకని ఆ కుర్చీ అంటే ఆవిడకి ప్రాణం. ఆ సంగతి దాచుకోరు కూడా, వచ్చినవాళ్ళందరికీ చెబుతారు.

పని పెద్ద బ్రహ్మవిద్య ఏం కాదు. చుట్టుపక్కల మామిడితోటల వాళ్ళు ఫోన్ చేసి పైపు పగిలిందనో, ఫిల్టరు పూడిందనో, ఉడత కొరికిందనో చెబుతారు. ఆ మాట కంప్యూటర్లో ఎక్కించాలి. దానికో నంబరు పడుతుంది, దాన్ని టికెట్టంటారు. మెకానిక్కు చార్లెస్‌ని బండి మీద ఆ తోటకి పంపాలి. పని అయ్యాక టికెట్టు మూసెయ్యాలి. ప్రతి సోమవారం పది గంటలకి విజయవాడ హెడ్డాఫీసు నుంచి కృష్ణకాంత్ అనే ఆఫీసరు వీడియోలోకి వచ్చి, తన కింద ఉన్న సెంటర్ల గ్రాఫులు వరసగా చూపిస్తాడు. గ్రాఫులో ఉండేవి రెండే గీతలు. ఆ వారం ఎన్ని కొత్త టికెట్లు పుట్టాయో ఎర్రగీత చెబుతుంది, ఎన్ని మూతపడ్డాయో పచ్చగీత చెబుతుంది. పచ్చది పైన ఉంటే సెంటరు బాగా నడుస్తున్నట్టు. ఎర్రది పైన ఉంటే పని పేరుకుపోతున్నట్టు.

రిబ్కమ్మగారి గ్రాఫులో పచ్చగీత లేవలేదు. జనవరి మొదటివారంలో ముప్పై ఒక్క టికెట్లు పుడితే ఒక్కటి మూతపడింది. రెండోవారం ఇరవై ఎనిమిది పుడితే అసలు ఏదీ పడలేదు. కృష్ణకాంత్ మొదట కంప్యూటరు పాడైందేమో అనుకున్నాడు. పాపం, పెద్దావిడకి మీట ఎక్కడుందో తెలియదేమో అని ఫోన్లో అరగంట సేపు నేర్పాడు. ఆవిడ ఓపిగ్గా అంతా విని, ఆ మీట నాకు తెలుసండీ, నొక్కే అవకాశమే రావట్లేదు అన్నారు.

ఇక్కడో సంగతి చెప్పాలి. రిబ్కమ్మగారు వాళ్ళ చర్చిలో స్త్రీల సమాజానికి ఇరవై ఏళ్ళుగా ప్రార్థన మనవుల పుస్తకం రాస్తున్నారు. ఎవరికే కష్టమొచ్చినా ఆ పుస్తకంలో ఎక్కుతుంది, వారం వారం దానికోసం ప్రార్థన జరుగుతుంది. కష్టం తీరితే ఆ మనిషే లేచి నిలబడి, పదిమందిలో తన నోటితో సాక్ష్యం చెప్పాలి. అప్పుడే ఆవిడ ఆ పేరు మీద గీత కొడతారు. పక్కవాళ్ళు చెబితే చెల్లదు. సుసన్నా అనే ఆవిడ మోకాళ్ళ నొప్పి పోయి చర్చి మెట్లు చకచకా ఎక్కేస్తున్నా, లేచి ఆ ముక్క చెప్పడానికి బద్ధకించడం వల్ల సంఘమంతా ఆ మోకాళ్ళ కోసం నాలుగేళ్ళు ప్రార్థన చేసింది.

అలాంటి మనిషిని విజయవాడ తీసుకెళ్ళి ట్రైనింగులో కూర్చోబెట్టారు. సమస్య తీరిందని కస్టమరు తన నోటితో చెప్పాకే టికెట్టు మూయాలని కృష్ణకాంత్ తెర మీద చూపించి చదివాడు. మిగతా సెంటర్ల వాళ్ళు రాసుకున్నారు, భోజనాల వేళకి మర్చిపోయారు. రిబ్కమ్మగారు మాత్రం, ఓస్, ఇది మన సాక్ష్యమే కదా, ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్న పనే కదా అని ఎంతో సంతోషపడి ఇంటికొచ్చారు.

సాక్ష్యం అడగడం వరకు బాగానే ఉంది. అడిగింది ఎవర్ని? మామిడిరైతుల్ని! ఈ మెట్టప్రాంతంలో తోటకి నీళ్ళు బాగా పారుతున్నాయని తన నోటితో అన్న రైతు ఇంతవరకు పుట్టలేదు. పూత బాగా వచ్చిందా అని అడిగితే ఏదో వచ్చిందిలెండి అంటారు. పిందె బాగా నిలిచిందా అంటే ఎక్కడండీ, చూడాలి అంటారు. ఫిబ్రవరిలో బాగుందని నోరుజారితే ఏప్రిల్లో గాలిదుమ్ము వచ్చి కాయంతా నేలపాలు చేస్తుందని వాళ్ళ భయం. పక్కతోటవాడి కన్ను పడుతుందని ఇంకో భయం. డ్రిప్ బాగైందని ఒప్పుకుంటే చార్లెస్ మళ్ళీ గేటు మొహం చూడడని అన్నిటికంటే పెద్ద భయం.

ఆవిడ రోజూ పొద్దున్నే వరసగా ఫోన్లు చేసేవారు. సమస్య తీరిందాండీ అని అడిగితే ఒకాయన, ఈపూటకి ఫరవాలేదు, రేపు సంగతి ఎవరు చూడొచ్చారు అనేవాడు. ఇంకొకాయన ఫోన్ తీసుకెళ్ళి భార్య చేతికిచ్చేవాడు. ఆవిడేమో, మావారినే అడగండి అనేది. మూడో ఆయన తీరిందో లేదో చెప్పకుండా, మీ చార్లెస్ పైపు ముక్కలన్నీ చెట్టుకిందే పారేసి పోయాడని ఇంకో ఫిర్యాదు చేసేవాడు. రిబ్కమ్మగారు దాన్నీ టికెట్టు చేసేవారు. చెప్పినమాట రాసుకోకపోతే ఎలా?

అన్నట్టు, మూతపడ్డ టికెట్లు బొత్తిగా లేవని కాదు. మూడు నెలల్లో తొమ్మిది పడ్డాయి. ఆ తొమ్మిదీ ముసునూరు వైపు చర్చివాళ్ళవే. వాళ్ళకి సాక్ష్యం చెప్పడం అలవాటు. బాలశౌరి అనే ఆయన ఫిల్టరు బాగైన సంగతి చెప్పడానికి మేడెక్కి వచ్చి, ముప్పావుగంట మాట్లాడి, చివర్న ఒక పాట కూడా పాడాడు. ఆ సాక్ష్యంలో దేవుడి పేరు పదిసార్లు వచ్చింది గానీ స్పానరు పట్టిన చార్లెస్ పేరు ఒక్కసారీ రాలేదని చార్లెస్ రెండ్రోజులు మూతి ముడుచుకున్నాడు.

తీరిందని చెప్పని తోటలకి రిబ్కమ్మగారు చార్లెస్‌ని మళ్ళీ పంపేవారు. మళ్ళీ వెళ్ళినవాడు ఊరికే రాలేడు కదా, ఎక్కడో ఒక వదులు జాయింటు కనిపిస్తే బిగించేవాడు, ఎండిన వాషరు కనిపిస్తే మార్చేవాడు. మూడోసారి వెళ్ళేసరికి ఆ తోటలో బాగుచెయ్యడానికి ఏమీ మిగిలేది కాదు. అందుకని వారం వారం ఎర్రగీత దిగుతూ వచ్చింది. ముప్పై ఒకటి ఉన్నది పద్నాలుగైంది, ఎనిమిదైంది, మార్చి నడిమికి రెండుకొచ్చింది. కానీ ఎంత దిగినా పచ్చగీత దానికంటే కిందే ఉంది. మొత్తం పుట్టినవి నూట నలభై ఎనిమిది, మూతపడినవి తొమ్మిది. ఇంకా తెరిచి ఉన్నవి నూట ముప్పై తొమ్మిది. హెడ్డాఫీసుకి ఆ ఒక్క అంకే కనిపించింది.

మార్చి మూడో సోమవారం కృష్ణకాంత్ మొహమాటపడుతూనే చెప్పేశాడు. నెలాఖరు లోపల ఈ గుట్ట కరగకపోతే నూజివీడు సెంటర్ని విస్సన్నపేటలో కలిపేస్తారు. చార్లెస్ అక్కడికి వెళ్తాడు. విస్సన్నపేటలో డెస్కు మీద షీబా ఉంది కాబట్టి రిబ్కమ్మగారికి చోటుండదు. కొత్త టికెట్లు ఎందుకు తగ్గాయో చూడండి సార్ అని ఆవిడ అనబోయారు. రైతులు విసుగెత్తి ఫోన్ చెయ్యడం మానేసి ఉంటారు మేడమ్ అన్నాడతను. ఆ రోజు మధ్యాహ్నం అన్నం సహించలేదు. మళ్ళీ ఇంట్లో కూర్చోవడమంటే ఆవిడకి నిజంగానే భయం వేసింది.

సంగతి తెలిసి షీబానే ఫోన్ చేసింది. మంచి పిల్ల, రిబ్కమ్మగారి దగ్గరే ఐదో తరగతి చదువుకుంది. దాని గ్రాఫులో ఎర్రగీతా పచ్చగీతా కవలపిల్లల్లా చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తాయి. శనివారం సాయంత్రం అన్నిటికీ ఒకేసారి టిక్కు పెట్టేస్తుంది. బాగుకానివాళ్ళు సోమవారం మళ్ళీ ఫోన్ చేస్తారు, అవి కొత్త టికెట్లవుతాయి, శనివారం వాటికీ టిక్కు పడుతుంది.

"టీచరుగారూ, ఒక్క శనివారం కళ్ళు మూసుకుని నొక్కెయ్యండి. ఎవరు చూడొచ్చారు?"

"కళ్ళు మూసుకుంటే మీట కనపడదు కదమ్మా," అన్నారు రిబ్కమ్మగారు.

హాస్యానికి అన్నారే గానీ ఆ శనివారం సాయంత్రం ఆవిడ మీట మీద వేలు పెట్టారు. చెప్పని మనిషి చెప్పాడని రాస్తే అది అబద్ధ సాక్ష్యం. చిన్నప్పటి నుంచీ ఆవిడ దొంగతనం కంటే ఎక్కువ భయపడింది దానికే. వేలు తీసేసి, కంప్యూటరు కట్టేసి, సోమవారం నేనే తోటలకొస్తాను బండి సిద్ధం చెయ్యి అని చార్లెస్‌కి చెప్పారు.

మొదట చాట్రాయి వెళ్ళారు, లక్ష్మీనరసింహారావుగారి తోటకి. పదిహేనెకరాల బంగినపల్లి. ఆ ఒక్క తోట మీదే పదకొండు టికెట్లున్నాయి. ఆయన ఒక్కడు లొంగితే పచ్చగీత ఒక్క గెంతు గెంతుతుంది. వెళ్ళేసరికి మోటారు నడుస్తోంది. ఏ పాదు చూసినా తడిగా ఉంది, ఏ చెట్టు చూసినా కొమ్మకొమ్మకీ కాయ వేలాడుతోంది. రిబ్కమ్మగారు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మూడు వరసలు తిరిగి, తనే వేళ్ళతో నీటిచుక్క ముట్టుకుని చూశారు. నీళ్ళు పారుతున్నాయి కదండీ అని అడిగితే, పారకపోతే ఊరుకుంటానా అన్నాడాయన. అయితే సమస్య తీరినట్టే కదండీ అంటే, నేనట్టా అన్నానా అన్నాడు. ఎటు నుంచి అడిగినా ఆ మాట మాత్రం రానివ్వలేదు. పైగా చార్లెస్ పోయినసారి గేటు తీసేసి పోయాడని, గేదెలు లోపలికొచ్చాయని పన్నెండో ఫిర్యాదు చేశాడు.

ఆయన భార్య తులసమ్మగారు మజ్జిగ తెచ్చిచ్చి, రిబ్కమ్మగారిని పక్కకి తీసుకెళ్ళింది. "ముప్పై ఎనిమిదేళ్ళు వండిపెట్టానండీ. కూర బాగుందని ఒక్కనాడు అనలేదు. మారు వడ్డించమంటే బాగున్నట్టు లెక్క. ఉప్పెక్కువైందని అంటూనే మారు వేయించుకుంటారు."

రిబ్కమ్మగారికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ పన్నెండు టికెట్లూ పన్నెండు మారు వడ్డనలని ఆవిడకి అర్థమైంది. అర్థమై ఏం లాభం? అర్థమైందని రాసే గడి కంప్యూటర్లో లేదు. ఆ వారమంతా తిరిగితే విస్సన్నపేట పొలిమేర దాకా ప్రతి తోటలోనూ నీళ్ళు పారుతూనే ఉన్నాయి, ఒక్క మనిషీ పారుతున్నాయని అనలేదు. గేటు టికెట్టు కూడా ఎక్కించి, ఆవిడ శుక్రవారం నాడు తన డ్రాయరు ఖాళీ చేసుకున్నారు. కళ్ళజోడు పెట్టె, ఊరగాయ సీసా, రెండు పెన్నులు సంచిలో పెట్టుకున్నారు.

శనివారం పదకొండింటికి కృష్ణకాంత్ స్వయంగా వచ్చాడు, సెంటర్లు కలిపేసే కాయితాలు పట్టుకుని. ఇలాంటి మాట ఫోన్లో చెప్పకూడదనుకున్నాడు, అంతవరకు మర్యాదస్తుడే. ఆవిడ కుర్చీలోంచి లేచి, మీరు కూర్చోండి సార్ అన్నారు. అతను కూర్చోలేదు. ఇద్దరూ నిలబడే ఉండగా మెట్ల మీద చప్పుడైంది.

ముందు లక్ష్మీనరసింహారావుగారు. ఆయన వెనక ఇంకో పదిమంది. వాళ్ళ వెనక మెట్ల నిండా మనుషులు, కింద ఎరువుల కొట్టు ముందు ట్రాక్టర్లూ, మోటారు సైకిళ్ళూ. జరిగిందేంటంటే, చార్లెస్ గురువారం చాట్రాయిలో గేటుకి కొత్త గొళ్ళెం బిగించి, నూజివీడు నుంచి నేను మీ తోటకి రావడం ఇదే ఆఖరుసారండీ, సెంటరు ఎత్తేస్తున్నారు, రిబ్కమ్మగారు ఇంటికెళ్ళిపోతారు అని చెప్పాడు. చాట్రాయి టీ హోటల్లో పడ్డ మాట శుక్రవారం సాయంత్రానికి అన్ని తోటలూ తిరిగింది.

చార్లెస్ మొహం వెలిగిపోయింది. అందరూ సాక్ష్యం చెప్పడానికి వచ్చారనుకున్నాడు. రిబ్కమ్మగారూ ఒక్కక్షణం అలాగే అనుకుని, గబగబా కుర్చీలో కూర్చుని గేటుదాంతో కలిపి నూట నలభై టికెట్లూ తెర మీదకి తెచ్చిపెట్టుకున్నారు. "చెప్పండి లక్ష్మీనరసింహారావుగారూ, దేని గురించి?"

"కొత్త టికెట్టు రాసుకోండి."

ఆవిడ పాతవి పక్కకి నెట్టి కొత్తది తెరిచారు. "సమస్య ఏంటండీ?"

"నూజివీడు సెంటరు మూసేస్తున్నారంట. మీరుండరంట. అదే సమస్య."

ఆవిడ రాసుకున్నారు. నంబరు పడింది. ఆ తర్వాత నారాయణరావుగారు. సమస్య? అదే. తర్వాత పరదేశి. సమస్య? పైన చెప్పిందే, ఇంకా గట్టిగా రాయండి. బాలశౌరి కూడా వచ్చాడు, ఈసారి సాక్ష్యం చెప్పకుండా ఫిర్యాదు చేశాడు, పాట మాత్రం పాడలేదు. వచ్చిన ప్రతి మనిషీ మేడెక్కడం, ఫిర్యాదు చెయ్యడం, నంబరు చీటీ మీద రాయించుకుని జేబులో పెట్టుకోవడం. బాగుందని చెప్పడం చేతకాని మనుషులు, వాళ్ళకి చేతనైన పనే చేశారు. ఒంటిగంటన్నరకి అరవై ఒక్క కొత్త టికెట్లు పడ్డాయి. రెండుకి దిగి కూర్చున్న ఎర్రగీత నిట్టనిలువుగా లేచి గ్రాఫు పైఅంచు తాకింది. ఆ కంపెనీ పుట్టాక అంత దరిద్రమైన గ్రాఫు ఏ సెంటర్లోనూ లేదు.

కృష్ణకాంత్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. విసుగెత్తి ఫోన్ చెయ్యడం మానేసినవాళ్ళు ఇరవై కిలోమీటర్లు ఎండలో ట్రాక్టరెక్కి రారని అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తెర మీద తేదీలన్నీ పైకీ కిందకీ తిప్పి చూశాడు. ఫిబ్రవరి తర్వాత ఏ తోట నుంచీ అదే ఫిర్యాదు రెండోసారి రాలేదు. అయినా పైవాళ్ళకి ఏం చెప్పాలో తోచక, ఇవి డ్రిప్ ఫిర్యాదులు కాదు మేడమ్, తీసెయ్యండి అన్నాడు.

"వాళ్ళు చెప్పారు, నేను రాశాను సార్. తీరిందని కూడా వాళ్ళే చెప్పాలి కదా," అన్నారు రిబ్కమ్మగారు.

ఈలోగా కృష్ణకాంత్‌కి షీబా ఫోన్. సెంటర్లు కలిపితే తెరిచి ఉన్న టికెట్లన్నీ తన పేరు మీదికి వస్తాయని అప్పుడే ఎవరో చెప్పారట. రెండువందలు! సార్, నా గ్రాఫు ఏం కావాలి, నాకొద్దు సార్ ఆ సెంటరు అని ఏడుపు అందుకుంది. కృష్ణకాంత్ బయట మెట్ల మీద నిలబడి విజయవాడతో మాట్లాడాడు. ఈ రెండువందలూ ఎక్కడ పోస్తారని అడిగితే అక్కడా ఎవరూ తీసుకోనన్నారు. టికెట్లు తీరేదాకా సెంటరు ఎక్కడిదక్కడే ఉండాలని తేలింది.

అతను లోపలికొచ్చి కాయితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, లక్ష్మీనరసింహారావుగారి వైపు తిరిగాడు. "సరే అండీ, సెంటరు మూయట్లేదు. మేడమ్ ఇక్కడే ఉంటారు. ఇక మీరందరూ తీరిందని ఒక్క మాట చెబితే, కనీసం ఈ అరవై ఒకటీ మూసేసుకుంటాం."

ఆయన కృష్ణకాంత్‌ని చూశాడు, కంప్యూటరుని చూశాడు, రిబ్కమ్మగారిని చూశాడు. టికెట్లు తీరేదాకా సెంటరు ఉంటుందని అతను మెట్ల మీద ఫోన్లో అన్న మాట ఆయన చక్కగా విన్నాడు.

"తీరలేదండీ," అన్నాడు. "నేను బతికున్నన్నాళ్ళూ తీరదు. అట్టాగే రాసుకోండి."

రిబ్కమ్మగారు టికెట్టు తెరిచి, రిమార్కుల గడిలో ఆ మాట ఒక్క అక్షరం తప్పకుండా ఎక్కించడం మొదలుపెట్టారు. కళ్ళ నిండా నీళ్ళుండి అక్షరాలు ఆనలేదు. రెండుసార్లు తప్పుపడితే చెరిపేసి మళ్ళీ కొట్టారు.